కవలలకి పంచిన చదువు

మా చెల్లెలికి కవలలు పుట్టారని తెలిసినప్పుడు అందరూ ఏనుగెక్కినంత సంబరపడ్డారు. నేను మాత్రం ఆ రెండు ఎర్రటి మొహాలూ చూసి, "అయ్యో దేవుడా, ఇక అన్నీ రెండేసి కావాలి" అనుకున్నాను. నా బుద్ధే అంత. ముందు చాకిరీ కనిపిస్తుంది, తర్వాత ముద్దొస్తుంది.

అప్పటినుంచీ వాళ్ళతోనే ఉంటున్నాను. నాకు పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. డ్రై క్లీనింగ్ షాపు వెనక గదిలో కూర్చుని జిప్పులు మారుస్తాను, ప్యాంట్లు పొట్టి చేస్తాను, ఒళ్ళొచ్చినవాళ్ళ కోట్లు వదులు చేస్తాను. మా చెల్లెలు బస్ డిపోలో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఎక్కడాగుతుంది, ఎందుకు రాలేదు అని ఊరంతా దాన్నే అడుగుతుంది. పిల్లల చదువుల కోసమని వారానికి మూడు పూటలు ఓవర్‌టైం కూడా చేస్తుంది. ఇంటికొచ్చాక ఇంకెవరైనా ఏమైనా అడిగితే దానికి తల ప్రాణం తోకకొస్తుంది. మా మరిది లారీ డ్రైవరు. వస్తాడు, తింటాడు, ఒళ్ళెరగకుండా పడుకుంటాడు, "మీరెలా అంటే అలాగే వదినా" అంటాడు, మళ్ళీ లారీ ఎక్కుతాడు. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది, తిట్టడానికి కూడా దొరకరు.

పిల్లలిద్దరికీ పేర్లు పెట్టింది వాళ్ళమ్మానాన్నలే అయినా, ఇంట్లో నిలిచినవి నేను పెట్టినవే. ఒకత్తి రేడియో. దాని నోట్లో నువ్వుగింజ నానదు. పళ్ళు తోముకుంటూ కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. రెండోది తాళం. దాని నోరు తెరిపించాలంటే ముందు తాళంచెవి చేయించుకురావాలి. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే బెంచీ. పరీక్షల్లో ఒకసారి ఇది ఫస్టు, ఒకసారి అది ఫస్టు. మూడోవాళ్ళకి చోటుండేది కాదు.

తొమ్మిదో క్లాసు చివర్లో స్కూలువాళ్ళు తల్లిదండ్రులందర్నీ పిలిచారు. వచ్చే మూడేళ్ళకీ పిల్లలు ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పే మీటింగు. డిపోలో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది మా చెల్లెలు, యూనిఫాం మీదే. పిల్లలు కూర్చునే కుర్చీల్లో మమ్మల్ని ఇరికించి, కోర్సుల సారు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు.

"ఇక్కడ మీ పిల్లలు ఏది తీసుకుంటే, అక్కడ కాలేజీలో ఆ తలుపే తెరుచుకుంటుంది," అన్నాడు. "ఇంజనీరింగు చదవాలంటే మూడేళ్ళూ పై లెక్కలు, ఫిజిక్సు ఉండాలి. మామూలు లెక్కల్లో నూటికి నూరొచ్చినా పనికిరాదు. తర్వాత ఏడ్చి లాభం లేదు, ముందే చెబుతున్నాను."

పై లెక్కలంటే ఆ స్కూల్లో పెద్ద కోర్సు. మామూలు లెక్కల కన్నా రెండింతలు కష్టం. దాంట్లోకి వెళ్ళినవాళ్ళు సగంమంది మధ్యలోనే కిందికి దిగిపోతారట.

తర్వాత స్కాలర్‌షిప్పుల సంగతి ఎత్తాడు. ఊరి చివర పెద్ద కాలేజీ ఉంది. వాళ్ళు ప్రతి స్కూలు నుంచీ సైన్సు గ్రూపులో ఫస్టొచ్చిన ఒకరికి, కామర్సు గ్రూపులో ఫస్టొచ్చిన ఒకరికి, మొత్తం ఫీజు కడతారు. గ్రూపుకి ఒక్కరికే. రెండో ర్యాంకుకి చప్పట్లు, అంతే.

అంతవరకూ కునికిపాట్లు పడుతున్న మా చెల్లెలు అక్కడ లేచి కూర్చుంది. ఆ తర్వాత ఆయన ఇంకో అరగంట మాట్లాడాడు. పిల్లలకి ఏది ఇష్టమో కనుక్కోండి అన్నాడు, తొందరపడకండి అన్నాడు, మొదటి టర్ము అయ్యేలోపు కావాలంటే కోర్సు మార్చుకోవచ్చు అన్నాడు. అవేవీ దాని చెవికెక్కలేదు. గ్రూపుకి ఒక్కరికే అన్న మాట దగ్గరే దాని చెవులు మూసుకుపోయాయి.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది. "అక్కా, ఇద్దర్నీ ఒకే గ్రూపులో వేస్తే, ఒకదాని నోటి దగ్గర ముద్ద రెండోది లాక్కున్నట్టే కదా? ఫస్టొచ్చేది ఒకత్తే. రెండోదాని గతేంటి? అదే విడివిడిగా వేశామనుకో, అక్కడొకటి ఫస్టు, ఇక్కడొకటి ఫస్టు. ఇద్దరూ గట్టెక్కుతారు. ఆ కాలేజీలో కాళ్ళు పెట్టిన రోజే నేను ఓవర్‌టైం మానేస్తాను."

"ఆ స్కూల్లో నీ పిల్లలిద్దరు తప్ప ఇంకెవరూ చదవరటే?" అన్నాను.

"ఎవరున్నారు? ఇన్నేళ్ళలో వీళ్ళని దాటినవాళ్ళు ఎవరున్నారో నువ్వే చెప్పు."

నిజమే, ఎవరూ లేరు. కవలలున్న ఇంట్లో ఇదొక జబ్బు. ఏ పోటీ అయినా ఈ ఇద్దరి మధ్యే అనిపిస్తుంది. లోకంలో ఇంకొకళ్ళ పిల్లలు కూడా పుస్తకాలు కొనుక్కుంటారన్న ధ్యాసే ఉండదు.

ఆ ఆదివారం మా మరిది ఇంట్లో ఉన్నాడు. బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. మా చెల్లెలు తన పథకమంతా విప్పి చెప్పింది. అయిపోయిందో లేదో, "నేను సైన్సు! సైన్సే!" అని రేడియో చెయ్యెత్తింది. "అకౌంట్స్ నా వల్ల కాదమ్మా. ఆ అంకెల వరసలు చూస్తేనే నాకు ఆవలింతలొస్తాయి. మా ఫ్రెండ్సంతా సైన్సే తీసుకుంటున్నారు. నేనొక్కదాన్నే అటెళితే నాతో మాట్లాడేవాళ్ళెవరు?"

మా చెల్లెలు మొగుడి వైపు చూసింది. "మీరెలా అంటే అలాగే," అన్నాడాయన. నా వైపు చూసింది. మళ్ళీ రేడియో వైపు చూసింది. తాళం అక్కడే ఉంది, బల్ల అంచున లేచిన రేకుని గోటితో నొక్కుతూ. దాని వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

కాసేపయ్యాక అదే అంది. "నేను అకౌంట్స్ తీసుకుంటాను."

"చూశావా, ఎంత బంగారుతల్లో!" అని మా చెల్లెలు దాని తల నిమిరింది. గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలింది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? స్కూలు వదిలాక తాళం వచ్చి కూర్చునేది నా షాపులోనే. కుట్టాల్సిన కోట్ల గుట్ట మీద కూర్చుని, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లెక్కల పుస్తకం ముందేసుకుంటుంది. ఎవరూ చెయ్యమనని లెక్కలు. చేసి, తనలో తనే నవ్వుకుంటుంది. డిపో పక్కన ఫ్లైఓవర్ కడుతున్న రోజుల్లో వాళ్ళమ్మకి టిఫిన్‌డబ్బా ఇచ్చి రమ్మంటే, వెళ్ళిన పిల్ల ఎంతకీ తిరిగొచ్చేది కాదు. పని జరిగేచోట తాడు ఇవతల నిలబడి చూస్తూ ఉండేది. ఒకసారి నాతో, "నవ్వకు పెద్దమ్మా, నాకు వంతెనలు కట్టాలనుంది," అంది. నేను నవ్వలేదు. నోట్లో గుండుసూదులున్నాయి, నవ్వితే మింగేసేదాన్ని.

అదే చెప్పాను అందరి ముందూ. "దానికి లెక్కలంటే ప్రాణం. వంతెనలు కట్టేదాన్ని తీసుకెళ్ళి జమాఖర్చుల్లో కూర్చోబెడతావా? బుద్ధుందా నీకు?"

"అది తీసుకుంటానంటోంది కదక్కా. మధ్యలో నీకేంటి?"

"నాకేంటా? వీళ్ళ ముక్కులు తుడిచింది ఎవరు? మధ్యలోదాన్నా నేను?" నా గొంతు పక్కింటిదాకా వెళ్ళింది. మా మరిది లేచి కిటికీ మూశాడు, అంతకన్నా చేతనైంది లేదు పాపం.

మా చెల్లెలు అరవలేదు. బల్ల మీద చేతులు పెట్టి, చేతుల మీద తల పెట్టుకుంది. "నాకు ఓపిక లేదక్కా. పొద్దుట్నుంచీ అరిచేవాళ్ళకే జవాబులు చెప్పొచ్చాను. దేవుడి దయవల్ల ఒకత్తి ఇది, ఒకత్తి అది అంటున్నాయి. ఇక వదిలెయ్," అంది. దాని కాళ్ళు చూశాను. మేజోళ్ళ గుర్తులు లోతుగా పడి, నరాలు ఉబ్బి ఉన్నాయి.

"పర్లేదు పెద్దమ్మా, అకౌంట్సూ బాగానే ఉంటుంది," అంది తాళం. లేచి గిన్నెలు తీసింది.

అలా మా ఇంట్లో చదువు పంచుకున్నారు, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.

తర్వాత ఏం జరిగిందో చెప్పనా? సాయంత్రం అదే బల్ల దగ్గర ఇద్దరూ చదువుకి కూర్చునేవాళ్ళు. తాళం తన అకౌంట్స్ చకచకా ముగించేసి, "ఏదీ, ఒక్కసారి ఇటివ్వు," అని రేడియో ముందున్న పై లెక్కల పుస్తకం తన వైపు లాక్కునేది. అది లెక్క చేస్తుంటే ఇది స్కూలు కబుర్లు చెప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ టీచరు జుట్టుకి రంగేసుకుందో. లెక్క అయ్యాక తాళం మొదట్నుంచీ విడమరిచి చెప్పేది. "ఆఁ, అర్థమైంది, అర్థమైంది" అని రేడియో తన నోట్సులోకి ఎక్కించుకునేది. ఒకళ్ళకి కావలసింది ఒకళ్ళ దగ్గర ఉందని ఇద్దరికీ తెలుసు. కడుపులో కుళ్ళు లేని పిల్లలు. అందుకే ఎవర్నీ తిట్టలేక నాకు ఇంకా మంట.

మొదటి టర్ము ఇంకా అవలేదు. ఒకరోజు పై లెక్కల టీచరమ్మ నా షాపుకొచ్చింది, కోటు లోపలి గుడ్డ చిరిగిందని. నేను ఆ పిల్లల పెద్దమ్మనని ఆవిడకి తెలుసు.

"మీ అమ్మాయి హోంవర్కు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుందండీ," అంది. "నేను చెప్పని పద్ధతిలో కూడా చేసుకొస్తుంది. క్లాసులో పరీక్ష పెడితే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఇంట్లో ఎవరు చేస్తున్నారు?"

నేను నీళ్ళు నమిలాను. ఒకదాన్ని కాపాడాలంటే రెండోదాన్ని పట్టివ్వాలి. చివరికి, "దీనికి ఒక అక్కో చెల్లో ఉందిగా, దాన్నడగండి," అన్నాను.

ఆవిడకి అర్థమైంది. కోటు నా చేతికిస్తూ, "ఆ అమ్మాయిని నా క్లాసుకి పంపండి. టర్ము అయ్యేలోపు మార్చుకోవచ్చు. అయిందంటే నేను కూడా ఏం చెయ్యలేను. మార్కులు ఎంతొచ్చినా సరే, ఈ కోర్సు లేకపోతే ఇంజనీరింగువాళ్ళు అప్లికేషనే తీసుకోరు," అంది.

ఆ సాయంత్రం చెల్లెలు ఇంటికి రాగానే మీదపడకూడదని, కాళ్ళు కడుక్కుని, నాలుగు మెతుకులు తినేదాకా ఆగాను. నాకు అంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. తర్వాత టీచరమ్మ మాటగా మెల్లిగా చెప్పాను, క్లాసు పరీక్షల్లో రేడియో బిక్కమొహం వేస్తోందని, తాళాన్ని మార్చడానికి ఇంకా టైముందని.

"మార్చి? మళ్ళీ ఇద్దర్నీ ఒకే దాంట్లో కూర్చోబెట్టనా?" అంది. "అకౌంట్స్‌లో అది ఇప్పుడే ఫస్టుంది. చేతిలో ఉన్నది వదిలేసి, అక్కడ దీంతో తలపడాలా?"

"నన్ను దింపెయ్యమ్మా అయితే! నేను దేనికీ పనికిరానుగా!" అని రేడియో భోరుమంది. టీచరమ్మ తనని బిక్కమొహం అందన్న సంగతి దానికి అప్పుడే తెలిసింది.

తాళం దాని వీపు నిమురుతూ, "నేనేం మారడం లేదు, నువ్వేడవకు," అంది. నా వైపు తిరిగి, "ఎందుకు పెద్దమ్మా, అమ్మ ఇప్పుడేగా వచ్చింది," అంది.

అదీ సంగతి. గోడకి చెప్పుకున్నా అది కాస్త బీటలిచ్చేది. టర్ము అయిపోయింది. కోర్సులు ఖాయమైపోయాయి. నేను వాళ్ళెవరితోనూ కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. ఎవరూ గమనించినట్టు లేదు, అందుకని నేనే మాట్లాడేశాను.

మిగతా రెండున్నరేళ్ళూ ఈడ్చుకుంటూ గడిచాయి. అంతకన్నా చెప్పడానికి ఏముంది? మా చెల్లెలు ఓవర్‌టైం వారానికి మూడు పూటల నుంచి నాలుగుకి పెంచింది. మా మరిది నడుం పట్టేసి కొన్నాళ్ళు లారీ ఎక్కలేదు. నేను అద్దాలు మార్చాను, అయినా నల్లగుడ్డ మీద నల్లదారం కనబడటం మానేసింది. రేడియో పై లెక్కల్లోంచి దిగిపోతానని రెండుసార్లు అంది. "ఇంతదాకా వచ్చి ఇప్పుడు దిగుతావా? ఇంకో కొద్దిరోజులే," అని వాళ్ళమ్మ నెట్టుకొచ్చింది. తాళం రెండు చదువులు చదివింది, ఒకదానికే పరీక్ష రాసింది.

ఫలితాలొచ్చాయి. కామర్సులో తాళం ఫస్టు, రెండోవాళ్ళు దాని దరిదాపుల్లో లేరు. సైన్సులో మందులషాపాయన కొడుకు ఫస్టు. ఆ అబ్బాయి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడని మా చెల్లెలు వారం రోజులు ఆశ్చర్యపోయింది. ఎక్కణ్ణుంచో ఏముంది, మొదట్నుంచీ అదే క్లాసులో ఉన్నాడు. రేడియో ఎక్కడో మధ్యలో మిగిలింది. పై లెక్కల్లో పాసయ్యానంటే పాసయ్యాననిపించుకుంది. పరీక్ష హాల్లో పక్కన అది లేదుగా మరి.

స్కాలర్‌షిప్ ఇస్తామని తాళానికి పెద్ద కాలేజీ నుంచి కబురొచ్చింది. వచ్చి సంతకం పెట్టి చేరాలి. మా చెల్లెలికి ఒక కంట సంతోషం, ఒక కంట నీళ్ళు. "సగం గట్టెక్కాం," అంది. "రెండోది కూడా ఎక్కాలి. దీన్ని ఏడాది కోర్సులో చేర్పిద్దాం."

ఏడాది కోర్సు అంటే అదే స్కూల్లో, పై లెక్కలు, ఫిజిక్సు తీసుకోనివాళ్ళకీ, తీసుకుని చెడగొట్టుకున్నవాళ్ళకీ ఆ ఏడాదే కొత్తగా పెట్టింది. రెండూ ఒక్క ఏడాదిలో చదివి పరీక్ష రాస్తే ఇంజనీరింగుకి వెళ్ళొచ్చు. కానీ కాలేజీలో వాళ్ళకి పూర్తి స్కాలర్‌షిప్ ఉండదు. మంచి ర్యాంకొస్తే సగం ఫీజు తగ్గిస్తారు, అంతే.

"ఒక్కదానికి ఒక్క ఏడాది ఎలాగో మోస్తాను," అంది మా చెల్లెలు. "ఇంకో ఏడాది ఓవర్‌టైం. చావనుగా."

అప్పుడు పేలింది రేడియో. "నాకొద్దు! నాకా లెక్కలు వద్దే వద్దు. మూడేళ్ళు నా నోట్సు రాసింది ఎవరనుకుంటున్నావు? నేను కాదమ్మా. నాకు ఒక్క ముక్క రాదు. మళ్ళీ ఆ క్లాసులో కూర్చోబెడితే నేను ఇల్లొదిలి పోతాను. ఆ ఏడాదేదో దానికివ్వు!"

"దానికెందుకే? దానికి స్కాలర్‌షిప్ వచ్చిందిగా!"

"దానికి కావలసింది అది కాదు కదా!"

"అయితే వచ్చింది పారేసుకోమంటావా? నువ్వు చదవనంటావు, అది వచ్చింది వదిలేస్తుంది. ఇద్దరూ చేతులూపుకుంటూ కూర్చోండి. నేను నా కాళ్ళు విరగ్గొట్టుకుని మిమ్మల్ని కూర్చోబెట్టి మేపుతాను." అంది మా చెల్లెలు. దాని మాటలో తప్పేముంది? వెతికి చూశాను, నాకూ దొరకలేదు. ఓడిపోయినదానికి ఇంకో అవకాశం ఉంది, గెలిచినదానికి లేదు. గెలిచినందుకు పిల్లకి పడిన శిక్ష అది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏ మొహం పెట్టుకుని చెల్లెల్ని తిట్టను?

తాళం గదిలోంచి వచ్చి, "ఎల్లుండి వెళ్ళి సంతకం పెట్టొద్దామమ్మా," అంది. అక్కడితో ఆ గొడవ ఆగింది.

అన్నట్టే రెండు రోజుల తర్వాత పొద్దున్నే నలుగురం బయల్దేరాం. రేడియో కూడా వచ్చింది, రావద్దంటే వినలేదు. రెండు బస్సులు మారాలి. ఆ కాలేజీ ఆఫీసు గది పొడుగ్గా, చీకటిగా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో టోకెన్లు, మూలుగుతూ కాయితాలు నమిలే ప్రింటరు. బల్ల వెనక ఒకావిడ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని పిలిచి సంతకాలు పెట్టిస్తోంది. మా చెల్లెలు అక్కడ కూడా అలవాటుకొద్దీ నలుగురికి దారి చెప్పింది. ఫోటోలెక్కడ, జిరాక్సెక్కడ, ఏ లైనులో నిలబడాలి. తన పిల్ల పని తప్ప అందరి పనీ చూసింది.

మా టోకెను పిలిచారు. తాళం కూర్చుంది. వెనక మేం ముగ్గురం నిలబడ్డాం. ఆవిడ కాయితం ఇటు తిప్పి, పెన్ను పెట్టి, "ఇక్కడమ్మా. కింద మీ అమ్మగారు కూడా పెట్టాలి," అంది.

తాళం పెన్ను తీసుకుంది. మూత తీసింది. అలాగే ఉండిపోయింది. ఆవిడ చూసింది, వెనక లైనులోవాళ్ళు చూశారు.

"ఏంటే? చెయ్యి నొప్పా?" అంది మా చెల్లెలు.

తాళం తల తిప్పి వాళ్ళమ్మని చూసింది. "అమ్మా, నన్నొకసారి అడుగు."

"ఏమడగాలి?"

"నాకేం కావాలో."

మా చెల్లెలు బిత్తరపోయింది. రోజుకి కొన్ని వందలమంది అడిగినదానికి జవాబు చెప్పే మనిషి, తనే ఒక ప్రశ్న అడగాల్సొచ్చేసరికి నోట మాట రాలేదు. రేడియో నా చెయ్యి పట్టుకుంది, విరిగేలా.

"ఏం కావాలే నీకు?" అంది చివరికి.

"లెక్కలమ్మా. ఆ ఏడాది కోర్సు నాకు కావాలి."

"మూడేళ్ళ కిందటే ఏడవొచ్చు కదే ఆ ముక్క! నువ్వేగా అకౌంట్స్ అన్నావు?"

"ఎవరో ఒకరం అనాలిగా. నువ్వు బల్ల మీద తల పెట్టుకుంటావని తెలుసు. అందుకే అనేశాను," అంది తాళం. గొంతులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది. "ప్రతిసారీ చెబుదామనే అనుకున్నానమ్మా. నువ్వు ఎప్పుడూ అలిసిపోయే వస్తావు."

మా చెల్లెలు తాళం కుర్చీ వీపు పట్టుకుని అలా నిలబడింది. బల్ల వెనకావిడ గొంతు సవరించుకుని, "పక్కకెళ్ళి మాట్లాడుకుంటారా? వెనక చాలామంది ఉన్నారు," అంది.

"మాట్లాడుకోవడం అయిందండీ," అంది మా చెల్లెలు. "ఈ సీటు మాకొద్దు."

"వద్దా? అమ్మా, ఇది పూర్తి స్కాలర్‌షిప్. ఇప్పుడు వదిలితే రేపొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వరు. తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది."

"తెలుసండీ. ఇచ్చెయ్యండి ఆ పిల్లకి."

ఆవిడ మమ్మల్ని నలుగుర్నీ ఎగాదిగా చూసింది. కాయితం పక్కకి పెట్టి, తర్వాతి టోకెను పిలిచింది. మూడేళ్ళ చాకిరీ అంతసేపట్లో అయిపోయింది.

బయటికొచ్చాక ఆఫీసు మెట్ల మీద మా చెల్లెలు కూలబడింది. చెప్పులు విప్పి, పాదాలు నొక్కుకుంటూ, "తప్పు చేశానా అక్కా?" అంది. ఎప్పుడూ నాలుక చివరే జవాబు పెట్టుకుని తిరిగేదాన్ని, అప్పుడు మాత్రం, "ఏమోనే, నాకూ తెలీదు," అన్నాను. నిజంగానే తెలీదు. వచ్చే ఏడాది ఈ పిల్లకి ర్యాంకొస్తుందో రాదో. వచ్చినా మిగతా సగం ఎవరు కడతారో. రేడియో ఏం చేస్తుందో. ఏదీ తెలీదు.

రేడియో వెక్కుతూ ఏడుస్తోంది. తాళం వచ్చి వాళ్ళమ్మ కింది మెట్టు మీద కూర్చుంది.

"ఇంకో ఏడాది ఆ కిటికీ వెనక కూర్చోవాలి కదే నేను," అంది మా చెల్లెలు, ఎవరితోనో అన్నట్టు. "ఓవర్‌టైంతో సహా."

తాళం వాళ్ళమ్మ పాదం తన ఒళ్ళోకి తీసుకుంది. ఇంకో పిల్ల అయితే, వద్దులేమ్మా, ఏదో ఒకటి చేద్దాం అనేది. మూడేళ్ళుగా అదీ అలాగే అంటూ వచ్చింది. ఆ రోజు అనలేదు.

"కూర్చోమ్మా," అంది. "నా కోసం కూర్చో."

మా చెల్లెలు దాని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, చెప్పుల్లోకి కాళ్ళు దూర్చి, "సరే, కూర్చుంటాను. లేవండి," అంది.